నాలాగే చదివే తమ్ముడికి ఏడాది తోడు: అభ్యసన భేదాలున్న కళాశాల విద్యార్థులు బడిపిల్లలకు మెంటర్లయ్యే విధానం

తరగతిలో పాఠాన్ని వరుసగా ఒక్కొక్కరితో పైకి చదివిస్తున్నప్పుడు కొందరు పిల్లలు పాఠం వినరు. తమకు ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెడతారు. తమ వంతుకు ఏ పేరా వస్తుందో కనిపెట్టి, దాన్ని లోలోపల బట్టీపడుతుంటారు. లెక్క తప్పిందంటే కడుపునొప్పి వస్తుంది. అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా ఉన్నవారికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఇలాంటి పిల్లలకు పరీక్షించే సైకాలజిస్టు కావాలి, నేర్పే ప్రత్యేక ఉపాధ్యాయులు కావాలి, అర్థం చేసుకునే అమ్మానాన్నలు కావాలి. వీళ్లెవరూ ఇవ్వలేనిది కూడా ఒకటి కావాలి. “నేనూ పేరాలు లెక్కపెట్టుకునేవాణ్ని. ఇప్పుడు బీటెక్ రెండో సంవత్సరం. ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతాను” అని పక్కన కూర్చుని చెప్పే అన్నయ్యో, అక్కో కావాలి.

ఈ ఆలోచనను పద్ధతిగా నడిపి చూపినవారు అమెరికాలో ఉన్నారు. 1998లో రోడ్ ఐలాండ్ రాష్ట్రం ప్రావిడెన్స్ నగరంలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు, డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరక, కుదురుగా కూర్చోలేని ఇబ్బంది) ఉన్నవాళ్లే, దగ్గర్లోని ప్రాథమిక పాఠశాలకు వెళ్లి తమలాంటి పిల్లలతో బొమ్మలు వేయడం, వస్తువులు తయారుచేయడం మొదలుపెట్టారు. అదే ‘ఐ టు ఐ’ అనే జాతీయ సంస్థగా ఎదిగింది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన డేవిడ్ ఫ్లింక్‌కు డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయి. ఇలా పక్కనుండి దారి చూపే మెంటరింగ్ పొందిన పిల్లల్లో కుంగుబాటు తగ్గి ఆత్మగౌరవం పెరిగినట్టు 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం చెప్పింది. ఈ పద్ధతికి ప్రయోగశాల అక్కర్లేదు, పెద్ద నిధులూ అక్కర్లేదు. ఒక కళాశాల, నడిచి వెళ్లేంత దూరంలో ఒక బడి, మాట నిలబెట్టుకునే ఆరుగురు విద్యార్థులు ఉంటే తెలుగు నేలపై ఎక్కడైనా మొదలుపెట్టవచ్చు.

ముందే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది ట్యూషన్ కాదు. మార్కులు పెంచడం మీ బాధ్యత కాదు. తన బుర్ర ఎలా పనిచేస్తుందో పిల్లవాడు తెలుసుకునేలా, తనకు కావలసినదాన్ని నోరు తెరిచి అడిగేలా చేయడమే మీ పని. దీన్ని పక్కనపెట్టి హోంవర్కు చేయించడం మొదలుపెడితే, ఆ పిల్లవాడి జీవితంలో మీరు మరో ట్యూషన్ మాస్టారు అవుతారు. అలాంటివాళ్లు అతనికి ఇప్పటికే చాలామంది ఉన్నారు.

మొదటి అడుగు: మీరు సిద్ధమేనా?

మెంటర్‌కు మంచి మార్కులు ఉండాలన్న నియమం వద్దు. రెండు లక్షణాలు చూడండి. ఒకటి, తన ఇబ్బంది గురించి తడబడకుండా, సిగ్గుపడకుండా మాట్లాడగలగాలి. డిస్లెక్సియా గురించి స్నేహితుల దగ్గర కూడా దాచే దశలో ఉన్నవారు ఒక ఏడాది ఆగడం మంచిది. తనకే భారంగా ఉన్న విషయాన్ని పదకొండేళ్ల పిల్లవాడి ముందు తేలిగ్గా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. రెండు, వారానికి ఒక గంట, విద్యా సంవత్సరమంతా, తప్పకుండా రాగలగాలి.

ఈ రెండో దాని మీద నేను పట్టుబడతాను, కారణం ఉంది. అమెరికాలో పెద్ద ఎత్తున సాగే ఒక మెంటరింగ్ కార్యక్రమంలోని వెయ్యిమందికి పైగా పిల్లలపై జరిగిన పరిశీలన 2002లో వెలువడింది. ఏడాది, అంతకుమించి కొనసాగిన జంటల్లో పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయిన జంటల్లో పిల్లల ఆత్మవిశ్వాసం మునుపటికన్నా పడిపోయింది. అంటే మొదలుపెట్టి వదిలేయడం కన్నా అసలు మొదలుపెట్టకపోవడమే మేలు. అందులోనూ ఈ పిల్లలు “నా వల్లే అన్నయ్య రావడం మానేశాడు” అని చాలా తొందరగా అనేసుకుంటారు. డిగ్రీ, ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉండి క్యాంపస్ ఇంటర్వ్యూలకు తిరిగేవారిని ఈ పనికి తీసుకోకండి. రెండో సంవత్సరం విద్యార్థులైతే అన్నివిధాలా అనుకూలం.

నిర్ధారణ కాలేదు గాని తనకూ ఇదే ఉందేమోనని అనుమానించేవారు ముందుగా పరీక్ష చేయించుకోవాలి. ఏ ఇబ్బందీ లేని మిత్రులు సాయం చేస్తామని వస్తే సంతోషంగా తీసుకోండి. సామాన్లు కొనడం, హాజరు రాయడం, బడితో ఉత్తరప్రత్యుత్తరాలు వాళ్లు చూసుకోవచ్చు. పిల్లవాడి పక్కన కూర్చోవలసింది మాత్రం అదే దారిలో నడిచి వచ్చినవారే.

రెండో అడుగు: గొడుగు, అనుమతులు

ఒంటరిగా బడికి వెళ్లి “పిల్లలకు సాయం చేస్తాం” అంటే ఏ ప్రధానోపాధ్యాయుడూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. మీ కళాశాలలో ఎన్ఎస్ఎస్ ఉంటే దాని కిందే నడపండి. ఎన్ఎస్ఎస్ వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి కాబట్టి ఈ గంటలు అక్కడ లెక్కకు వస్తాయి. ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో పూర్తి బాధ్యత తీసుకుని, ప్రిన్సిపాల్ సంతకంతో బడికి లేఖ రాయాలి. ప్రభుత్వ బడి అయితే మండల విద్యాధికారికి కూడా ఒక ప్రతి వెళ్లాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చాలామంది మరిచిపోయే ఆసరా ఒకటుంది. సమగ్ర శిక్షా కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాలు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేసే ఐఈఆర్టీలు అనే ప్రత్యేక ఉపాధ్యాయులు అక్కడ ఉంటారు. ఏ బడిలో ఏ పిల్లవాడికి ఏం కావాలో మండలంలో వాళ్లకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. మీ మొదటి ఫోను వాళ్లకే వెళ్లాలి.

ఏ తరగతులు? ఆరు, ఏడు, ఎనిమిది. తొమ్మిదిలో పదో తరగతి భయం మొదలవుతుంది, పదిలో స్టడీ అవర్లు తప్ప మరేమీ మిగలదు. ఆరుకన్నా కిందైతే తన ఇబ్బంది గురించి మాటల్లో చెప్పగల వయసు ఇంకా రాదు.

రక్షణ నియమాలను కాగితం మీద రాసి, ప్రతి మెంటర్ చేత చదివించి సంతకం తీసుకోండి. జంటలన్నీ ఒకే పెద్ద గదిలో, తలుపులు తెరిచి, ఒక ఉపాధ్యాయుడి సమక్షంలో కూర్చోవాలి. బడి బయట కలవడం, బండి మీద ఇంటి దగ్గర దింపడం, ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం, సామాజిక మాధ్యమాల్లో స్నేహాలు ఏవీ ఉండకూడదు. పిల్లల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం అసలే వద్దు. పిల్లవాడికి డిస్లెక్సియా ఉందన్న సంగతి అతని సొంత విషయం, మీ ప్రచార సామగ్రి కాదు. లైంగిక వేధింపుల గురించి పిల్లలు ఏదైనా చెబితే దాన్ని రహస్యంగా ఉంచకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆ సంగతి తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలపాల్సిందే. వెంటనే బాధ్యుడైన అధ్యాపకుడికీ, ప్రధానోపాధ్యాయుడికీ చెప్పండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. మొదటి రోజే పిల్లలకు చెప్పవలసిన మాట: “నువ్వు చెప్పినవి నేను ఎవరితోనూ అనను. కానీ నీకు ప్రమాదం కలిగించే విషయమైతే మాత్రం పెద్దవాళ్లకు చెప్పక తప్పదు.”

మూడో అడుగు: పిల్లల్ని కనుక్కోవడం

తరగతి గదిలో నిలబడి “చదువు రానివాళ్లు ఎవరు?” అని అడిగితే ఆ రోజుతోనే మీ కార్యక్రమం ముగిసినట్టు. జాబితా ఉపాధ్యాయులు, ఐఈఆర్టీలు కలిసి తయారుచేయాలి. తల్లిదండ్రులతో విడిగా మాట్లాడి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. చివరి మాట పిల్లవాడిదే. “నీకు ఇష్టమైతేనే” అన్న మాటకు నిజంగా కట్టుబడండి.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం తెలిసి ఉండాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. డిస్లెక్సియా, రాతకు సంబంధించిన డిస్‌గ్రాఫియా, లెక్కలకు సంబంధించిన డిస్‌కాల్క్యులియా దీని కిందికే వస్తాయి. ఏడీహెచ్‌డీ ఆ జాబితాలో విడిగా లేదు. ఇలాంటి పిల్లల్ని గుర్తించేందుకు బడిపిల్లలపై ఐదేళ్లకోసారి సర్వే జరపాలని కూడా చట్టం చెబుతోంది. ధ్రువపత్రం కావాలంటే నిర్ణీత ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్య బోర్డు పరీక్షించాలి. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు దీనికి బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ రూపొందించిన పరీక్షా సామగ్రిని సూచించాయి. ఇది నెలల తరబడి సాగే పని. మీ బృందంలో చేరడానికి ధ్రువపత్రం షరతు కాకూడదు. అలాగని మీరు రోగనిర్ధారణ చేయకూడదు. “వీడికి డిస్లెక్సియా ఉన్నట్టుంది” అని మెంటర్ నోటి నుంచి రాకూడదు. ఐఈఆర్టీకి చెప్పండి, వాళ్లు చూస్తారు.

నిర్ధారణ చేయకూడదు గాని, తెలుగులో చదవడం ఎక్కడ కష్టమవుతుందో మెంటర్‌కు తెలిసి ఉండాలి. ఇంటర్నెట్టులో దొరికే సమాచారమంతా ఇంగ్లీషు అక్షరాల గురించే, బీ-డీ తారుమారు గురించే ఉంటుంది. మన లిపి పెట్టే పరీక్షలు వేరు. ప-వ, మ-య, ద-ధ-థ, బ-భ లాంటి జంటల్లో తేడా ఒక చిన్న గీతలోనో, పొట్టలోని చుక్కలోనో ఉంటుంది. గుణింతం గుర్తు అక్షరం మీద కూర్చుంటుంది, ఒత్తు కిందికి దిగుతుంది. ‘రాష్ట్రం’ అన్న మాట చదవాలంటే కన్ను కుడికి వెళ్తూనే పైకీ కిందికీ తిరగాలి. చాలామంది పిల్లలు ఒత్తు వదిలేస్తారు, దీర్ఘాన్ని హ్రస్వం చేస్తారు, ‘విద్యార్థి’ని ‘విదార్ధి’ అని రాస్తారు. వీటికి తోడు ఆరో తరగతికి వచ్చేసరికి తెలుగు, హిందీ, ఇంగ్లీషు అని మూడు లిపులు ఒకేసారి మీద పడతాయి. ఇంట్లో ఉర్దూ, లంబాడీ, గోండి మాట్లాడే పిల్లలకు తెలుగే రెండో భాష. అలాంటివారి తడబాటు కొత్త భాష వల్లనా, డిస్లెక్సియా వల్లనా అన్నది తేల్చడం నిపుణులకే కష్టం. తొందరపడి పేరు పెట్టకూడదనడానికి ఇదీ ఒక కారణం.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు వైద్య పదాలు తగ్గించండి. “అమ్మా, మీ బాబు సోమరి కాదు. నాకూ చిన్నప్పుడు ఇలాగే ఉండేది. వారానికి ఒక గంట తనతో కూర్చుని బొమ్మలు వేస్తాం, మాట్లాడుకుంటాం. చదువు పాఠాలు చెప్పం” అంటే చాలు. “బొమ్మలు వేస్తే ఏమొస్తుందయ్యా?” అని అడిగే నాన్నలు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఆరో అడుగులో ఉంది.

నాలుగో అడుగు: మీ కథ సిద్ధం చేసుకోవడం

మెంటర్ల శిక్షణలో సగం సమయం దీనికే కేటాయించండి. ప్రతివారూ తమ కథను మూడు నిమిషాల్లో చెప్పడం నేర్చుకోవాలి. అందులో మూడు సంగతులు ఉండాలి: బడిలో నాకు ఏది కష్టమయ్యేది, ఎవరు లేదా ఏది సాయపడింది, ఇప్పటికీ ఏది కష్టం. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. “కష్టపడ్డాను, గెలిచాను” అని ముగించే కథ వింటే పిల్లవాడికి కలిగే ఆలోచన “నేను సరిగ్గా కష్టపడటం లేదు కాబోలు” అన్నదే. “ఇప్పటికీ బస్సు బోర్డు చదివేలోపు బస్సు వెళ్లిపోతుంది, అందుకే నంబరు గుర్తుపెట్టుకుంటాను” అని చెబితే, ఇబ్బందితో పాటే బతకవచ్చని అతనికి తెలుస్తుంది.

ఐన్‌స్టీన్‌కూ డిస్లెక్సియా ఉండేదని, కాబట్టి నువ్వూ గొప్పవాడివవుతావని చెప్పే అలవాటు మానేయండి. దానికి సరైన ఆధారం లేదు. ఉన్నా పిల్లవాడికి ఉపయోగం లేదు. ఏడో తరగతిలో తెలుగు పరీక్ష గట్టెక్కడం ఎలాగో తెలియని పిల్లవాడికి నోబెల్ బహుమతి ఆదర్శం కాదు. పక్క వీధి కళాశాలలో చదువుతున్న మీరే అతనికి ఆదర్శం.

కథను ఒకరికొకరు చెప్పుకుని చూడండి. చెబుతుండగా గొంతు పూడుకుపోయే చోటు ఏదైనా ఉంటే, పాత దెబ్బలు, అవమానాలు లాంటివి, దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. పిల్లవాడు మిమ్మల్ని ఓదార్చే పరిస్థితి రాకూడదు.

ఐదో అడుగు: జంటలు కట్టడం

ఒక పిల్లవాడికి ఒకే మెంటర్. అబ్బాయికి అన్నయ్య, అమ్మాయికి అక్క అయితే ఇళ్లలో అభ్యంతరాలు రావు. ఇబ్బంది కూడా వీలైనంతవరకు కలవాలి. చదవడం కష్టమైనవారికి చదవడం కష్టమైనవారే, కుదురుగా కూర్చోలేనివారికి అలాంటివారే. ఇంటి భాష కలిస్తే ఇంకా మంచిది. పిల్లలు ‘సార్’, ‘మేడమ్’ అనడం మొదలుపెడతారు. మొదటి రోజే అన్నయ్య, అక్క అనే పిలుపు అలవాటు చేయండి.

ఎవరైనా ఒక వారం రాలేకపోతే ఆ స్థానంలో కూర్చునేందుకు ఇద్దరు అదనపు మెంటర్లు ముందునుంచే పిల్లలందరికీ పరిచయమై ఉండాలి.

ఆరో అడుగు: వారానికి ఆ ఒక్క గంట

మొదట ఆ నాన్నగారి ప్రశ్న. బొమ్మలే ఎందుకు? ఈ పిల్లలు పుస్తకం ముందు ఎన్నోసార్లు ఓడిపోయారు. కాగితం, పెన్ను కనబడగానే ఒళ్లు బిగుసుకుంటుంది. బంకమట్టి, రంగులు, అట్టముక్కలు, కత్తెర ఇస్తే తప్పూ ఒప్పూ అన్న లెక్క ఉండదు. చేతులు పనిలో ఉన్నప్పుడు నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. ఎదురెదురుగా కూర్చుని “నీ సమస్య ఏమిటి?” అంటే చెప్పని సంగతి, పక్కపక్కన కూర్చుని రంగులు వేస్తున్నప్పుడు బయటికి వస్తుంది. అందుకే మెంటర్ కూడా అదే పని తానూ చేయాలి. చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంటే అది మళ్లీ తరగతి గది అవుతుంది.

గంటను ఇలా పంచుకోవచ్చు. మొదటి పది నిమిషాలు కబుర్లు, తినడానికి ఏదైనా. నలభై నిమిషాలు చేతిపని. చివరి పది నిమిషాలు అందరూ గుండ్రంగా కూర్చుని ఎవరు ఏం చేశారో చెప్పడం. చెప్పడం ఇష్టం లేనివారు “వచ్చే వారం” అని ఊరుకోవచ్చు. మొదటి వారం పేర్లతో ఆటలు, మట్టితో ఇష్టమైన వస్తువు చేయడం చాలు. కథ చెప్పడానికి తొందర వద్దు.

రెండో, మూడో వారాల్లో ‘నా రోజు’ పటం వేయించండి. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా రోజంతా ఒక పొడవాటి చార్టు మీద దారిలా గీయాలి. తేలికైన చోట ఆకుపచ్చ, కష్టమైన చోట ఎరుపు. మీరూ మీ రోజు గీయండి. పిల్లవాడి పటంలో హిందీ పీరియడు ఎర్రగా, ఆటల పీరియడు పచ్చగా ఉండటంలో వింతేమీ లేదు. కానీ బడి బస్సు ఎరుపు రంగులో ఉంటే అక్కడ ఎవరో ఏడిపిస్తున్నారని అర్థం. సాయంత్రం ఇల్లు ఎర్రగా ఉంటే హోంవర్కు దగ్గర దెబ్బలు పడుతున్నాయేమో చూడాలి. మీ పటంలో ఎర్ర మచ్చ చూసి “అన్నయ్యా, ఇక్కడ మీకూ కష్టమా?” అని అడుగుతారు. మీ కథ చెప్పడానికి సరైన సమయం అదే.

తర్వాతి నెలల్లో ‘పనిముట్ల పెట్టె’ మీద పనిచేయండి. ఒక ఖాళీ చెప్పుల డబ్బాకు రంగులు వేసుకుని, తనకు పనికొచ్చే ఉపాయం దొరికినప్పుడల్లా ఒక చీటీ గానీ వస్తువు గానీ అందులో వేయాలి. ఉపాయాలు మీ అనుభవంలోంచి రావాలి. కొన్ని చెబుతాను. చదివే వరుస కింద ఒక అట్టముక్క పెట్టుకుంటే కన్ను పక్క వరుసలోకి జారదు. ఒత్తులన్నిటికీ ఒక రంగు, గుణింతాలకు మరో రంగు గీసుకుంటే వదిలేయడం తగ్గుతుంది. లెక్కలకు గళ్ల పుస్తకం వాడితే ఒకట్లు, పదులు, వందలు వాటి గడిలో అవి నిలుస్తాయి, కూడికలో వరుస చెదరదు. ప్రభుత్వ బడుల ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో ఇంగ్లీషు ఉంటాయి. ముందు తనకు తేలికైన భాషలో విషయం తెలుసుకుని, ఆ తర్వాత రెండో పుటకు వెళ్లడం ఎవరూ నేర్పని మంచి కిటుకు. పాఠాల దగ్గర ఉండే క్యూఆర్ కోడ్‌తో దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో ఆ పాఠానికి సంబంధించిన వీడియో తెరుచుకుంటుంది. ముందు వీడియో, తర్వాత పాఠం. ఫోనులో తెలుగు మాటలు పలికితే అక్షరాలుగా మార్చే సదుపాయం ఉంది. రాత అడ్డుపడి ఆలోచన ఆగిపోయే పిల్లవాడు తన వ్యాసాన్ని మొదటిసారి పూర్తిగా చెప్పగలిగేది దానితోనే. ఏడీహెచ్‌డీ ఉన్నవారికి పెద్ద పనిని పది నిమిషాల ముక్కలుగా కోసి, మధ్యలో లేచి తిరగడం, ఎదురుగా గడియారం పెట్టుకోవడం పనికొస్తాయి.

అన్నీ అందరికీ పనిచేయవు. ‘ప్రయత్నించాను, కుదరలేదు’ అన్న చీటీలకు కూడా పెట్టెలో ఒక అర ఉండాలి.

“అన్నయ్యా, రేపు స్లిప్ టెస్టు ఉంది, కాస్త చెప్పవా?” అన్న అభ్యర్థన తప్పకుండా వస్తుంది. కాదనడం కష్టమే. పాఠం చెప్పకుండా ఇలా అడగండి: “నీ పెట్టెలో ఈ పరీక్షకు పనికొచ్చేది ఏముంది? తీసి చూద్దాం.” పది నిమిషాలు దాని మీద మాట్లాడి, మళ్లీ చేతిపనికి రండి.

ఏడో అడుగు: అడగడం నేర్పడం

సంక్రాంతి సెలవుల తర్వాత కార్యక్రమం బరువంతా దీని మీదే ఉండాలి. మన బడుల్లో పిల్లవాడు టీచర్ని ఏదైనా అడగడమే ఎదురు మాట్లాడటంగా చూసే అలవాటు ఇంకా పోలేదు. అందుకే మాటలు కూర్చి, నటించి, సాధన చేయించాలి. ఒక మెంటర్ టీచర్ పాత్ర వేయాలి, అదీ విసుగ్గా ఉన్న టీచర్. పిల్లవాడు అడగాలి.

“టీచర్, నాకు పైకి చదవడం భయం. ఏ పేరా చదవాలో ముందురోజు చెబితే ఇంట్లో చదువుకుని వస్తాను.”

“అందరికీ లేని భయం నీకెందుకు?”

“నేను నెమ్మదిగా చదువుతాను టీచర్. ముందే తెలిస్తే బాగా చదవగలను.”

ఈ మాటల్లో జాలి కోరడం లేదు, పని తప్పించుకోవడమూ లేదు. ఏం కావాలో ఉంది, దానికి బదులు తానేం చేస్తాడో ఉంది. ఇదే పద్ధతిలో బోర్డు మీద రాసినదాన్ని ఫొటో తీసుకునే అనుమతి, ముందు బెంచీలో చోటు, స్పెల్లింగు తప్పులకు సైన్సులో మార్కులు కోయకపోవడం అడగవచ్చు. ఒకేసారి ఒకటే అడగాలి. ఏ టీచర్ వింటారో మొదట ఆ టీచర్ దగ్గరే మొదలుపెట్టాలి. మొదటి ప్రయత్నంలోనే కాదనిపించుకుంటే మళ్లీ నోరు తెరవడు. అందుకని బాధ్యుడైన అధ్యాపకుడు ఆ టీచర్లతో ముందుగా ఒక మాట అనుకుని ఉండటం మంచిది.

పరీక్షల్లో సదుపాయాలు అందరికీ తెలియాలి. ధ్రువపత్రం ఉన్న విద్యార్థులకు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. మూడు గంటల పరీక్షకు అది ఒక గంట. రాయలేనివారికి లేఖకుడి సాయమూ ఉంది. లేఖకుడిని ఇవ్వడానికి 40 శాతం వైకల్యం ఉండాలన్న షరతు సరికాదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అదే ఏడాది నవంబరులో, నీట్ రాసిన డిస్‌గ్రాఫియా విద్యార్థినికి అదనపు గంట ఇవ్వకపోవడాన్ని తప్పుపట్టింది. ఆ అమ్మాయికి హక్కు కాగితం మీద ఉంది, పరీక్ష గదిలోని వారికి ఆ సంగతి తెలియదు. అడగడం నేర్పాలని నేను ఇంతగా చెప్పేది ఇందుకే. పదో తరగతి పబ్లిక్ పరీక్షల సదుపాయాలకు ప్రధానోపాధ్యాయుడి ద్వారా ముందుగానే దరఖాస్తు చేయాలి. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడే ధ్రువపత్రం పని మొదలుపెట్టమని తల్లిదండ్రులకు గుర్తుచేయండి.

ఎనిమిదో అడుగు: చిక్కులు వచ్చినప్పుడు

పిల్లవాడు మూడు వారాలైనా మాట్లాడకపోతే కంగారుపడకండి. రంగులు వేస్తున్నాడా, వస్తున్నాడా, అంతే చాలు. రావడమే మానేస్తే ఐఈఆర్టీ ద్వారా కారణం తెలుసుకోండి. చాలాసార్లు తోటిపిల్లలు “మెంటల్ క్లాసు” అని వెక్కిరించడమే కారణమవుతుంది. ఆ గదికి ‘ప్రత్యేక తరగతి’ అని కాకుండా పిల్లలే పెట్టుకున్న పేరు ఉండాలి. చేసిన వస్తువుల్ని మిగతా బడి చూసేలా ప్రదర్శిస్తే వెక్కిరింపులు తగ్గి, “మమ్మల్నీ చేర్చుకోండి” అనేవాళ్లు వస్తారు.

చచ్చిపోవాలని ఉందని పిల్లవాడు అంటే, నవ్వుతూ అన్నా సరే, ఆ రోజే బాధ్యుడైన అధ్యాపకుడికి, బడికి, ఇంటికి తెలియాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఏ సమయంలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీరు కౌన్సెలర్ కాదు. ఒంటరిగా మోయాలని చూడకండి.

నెలకోసారి మెంటర్లు తమలో తాము కూర్చోవాలి. పిల్లల కథలు వింటుంటే మీ పాత రోజులు పైకి తేలతాయి. దాని గురించి మాట్లాడుకునే చోటు మీకూ కావాలి.

తొమ్మిదో అడుగు: ముగింపు

చివరి రోజు గురించి ఆరు వారాల ముందు నుంచే చెప్పడం మొదలుపెట్టండి. మార్చిలో పదో తరగతి పరీక్షలు వచ్చి గదులు దొరకవు కాబట్టి ఫిబ్రవరి చివరికల్లా ముగిసేలా పెట్టుకోవడం మంచిది. “మళ్లీ కలుద్దాం” అని ఊరికే అనకండి. కలవరు కాబట్టి అనకూడదు. వచ్చే ఏడాది వస్తున్నవారు మాత్రమే ఆ మాట అనాలి.

చివరి చేతిపని ‘నా గురించి ఒక పేజీ’. వచ్చే ఏడాది టీచరుకు పిల్లవాడు ఇచ్చే కాగితం. నాకు బాగా వచ్చేవి, నాకు కష్టమైనవి, నాకు సాయపడేవి, నేను ఇచ్చే మాట. రాయలేకపోతే నోటితో చెబితే మీరు రాయండి, బొమ్మలూ ఉండవచ్చు. దాన్ని ఎవరికి ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో పిల్లవాడే నిర్ణయించుకుంటాడు.

ఫలితం ఎలా ఉందో తెలుసుకోవడానికి మార్కుల పట్టీ చూడకండి. మొదటి నెలలోనూ, చివరి నెలలోనూ అవే నాలుగైదు ప్రశ్నలు అడిగి చూడండి: నీకు ఏది బాగా వచ్చు? చదవడం కష్టమైనప్పుడు ఏం చేస్తావు? టీచర్ని ఏదైనా అడిగావా? నీలాంటివాళ్లు ఇంకెవరైనా ఉన్నారని తెలుసా? రెండో జాబితాలో జవాబులు పొడుగ్గా ఉంటే పని జరిగినట్టే.

ఖర్చు పెద్దగా లేదు. చార్టులు, రంగులు, మట్టి, బిస్కెట్లు, మెంటర్ల బస్సు ఛార్జీలు. ఎన్ఎస్ఎస్ నిధి, పూర్వ విద్యార్థులు కలిసి భరించగలిగేంతే.

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. మెంటర్ల ఎంపిక, శిక్షణ జూన్‌లో ముగించి, తల్లిదండ్రుల అనుమతులు జులై మొదటి పక్షంలో తీసుకుంటే మూడో వారంలో మొదటి గంట మొదలవుతుంది. ఎనిమిదో తరగతి దాటి వెళ్లిన పిల్లల పేర్లు దాచి ఉంచండి. వాళ్లు ఇంటర్మీడియట్‌లో చేరినప్పుడు మొదట అడగవలసింది వాళ్లనే.